మోకాలి నొప్పి తగ్గింది సరే, తగ్గించింది ఏది?

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మాజీ సైనికులకు వైద్యం చేసే పెద్ద ఆస్పత్రి ఒకటి ఉంది. అక్కడి ఎముకల సర్జన్ బ్రూస్ మోస్లీ, ఆయన సహచరులు మోకాళ్ళ అరుగుదలతో బాధపడుతున్న 180 మందిని మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు చిన్న కోతలోంచి కెమెరా గొట్టం దూర్చి చేసే ఆర్థ్రోస్కోపీ చేసి, కీలు లోపల చెదిరిన భాగాలను గీకి శుభ్రం చేశారు. రెండో గుంపుకు కీలును సెలైన్‌తో కడిగి వదిలేశారు. మూడో గుంపుకు మత్తు ఇచ్చి, మోకాలి మీద చర్మాన్ని మూడు చోట్ల కొద్దిగా కోసి, పరికరాలు అందుకుంటున్నట్టు, నీళ్ళతో కడుగుతున్నట్టు కాసేపు హడావుడి చేసి, కుట్లు వేసి పంపించేశారు. వీళ్ళ కీలు లోపలికి ఏ పరికరమూ వెళ్ళలేదు. ఎవరికి ఏం జరిగిందో రోగులకు తెలియదు. రెండేళ్ళు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. నొప్పిలోగానీ నడకలోగానీ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అరిగిన మోకాలికి ఆర్థ్రోస్కోపీ దండగ అని చెప్పడానికి ఈ ప్రయోగాన్ని ఇప్పటికీ ఉదాహరిస్తారు. అది నిజమే. కానీ అందులో ఇంకో సగం కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. లోపల ఎవరూ చెయ్యి పెట్టని మోకాళ్ళలో కూడా నొప్పి కొంత తగ్గింది. మోకాలు మారలేదు, నొప్పి మారింది. మారిన చోటు మోకాలు కానప్పుడు అది మరెక్కడో ఉండాలి కదా.

ఆ చోటు మెదడు, దానికి తోడు వెన్నుపాము. మందు బిళ్ళ లేకుండా కీళ్ళ నొప్పి తగ్గించే పద్ధతులన్నీ, అంటే కాపడం, మర్దన, కరెంటు పెట్టడం, సూదులు గుచ్చడం, వ్యాయామం వంటివన్నీ ఎంతో కొంత ఈ దారిలోనే పనిచేస్తాయి. గత ఇరవై, ముప్పై ఏళ్ళలో మెదడు స్కాన్లు ఈ సంగతిని బాగానే చూపించాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ స్కాన్లనే ప్రకటనల్లో వేసి ‘మా చికిత్స శాస్త్రీయంగా రుజువైంది’ అంటున్నారు. నొప్పి నిజంగా తగ్గిందా అన్న ప్రశ్నకు స్కాన్ కొంతవరకు జవాబు చెప్పగలదు. తగ్గించింది ఆ సూదేనా, ఆ యంత్రమేనా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేయడం వల్లే ఇటు వైద్యం అమ్మేవాళ్ళు, అటు ‘అదంతా మీ భ్రమ’ అని కొట్టిపారేసేవాళ్ళు ఇద్దరూ తప్పులో కాలేస్తున్నారు.

ఎక్స్‌రే చెప్పని సంగతి

‘మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉండదేమో. ఆ గుజ్జు, అంటే ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి, అసలు నొప్పి తెలియని పదార్థం. అందులో నరాలు లేవు. నొప్పిని పసిగట్టే నరాల కొసలు కీలు లోపలి పొరలో, చుట్టూ ఉన్న సంచిలో, లిగమెంట్లలో, మృదులాస్థి కింద ఉన్న ఎముకలో ఉంటాయి. అందుకే ఎక్స్‌రేలో కీలు సందు బాగా తగ్గిపోయి కనిపించినా హాయిగా నడిచేవాళ్ళు ఉన్నారు. ఎక్స్‌రే బాగానే ఉన్నా మెట్లెక్కలేనివాళ్ళూ ఉన్నారు. అరుగుదలకూ నొప్పికీ సంబంధం లేకపోలేదు, కానీ అది చాలామంది అనుకునేంత గట్టిది కాదు.

కీలు నుంచి బయలుదేరిన సంకేతం ముందు వెన్నుపాము వెనుక భాగానికి చేరుతుంది. అక్కడ మరో నరకణం దాన్ని అందుకుని మెదడులోని థాలమస్‌కు పంపిస్తుంది. థాలమస్ నుంచి అది ఒక్క చోటికి వెళ్ళదు. నొప్పి ఎక్కడ, ఎంత అని లెక్కగట్టే భాగాలకు ఒక పాయ వెళుతుంది. శరీరం లోపలి స్థితిని గమనించే ఇన్సులాకు, బాధలోని ‘అబ్బా’ అనిపించే అంశాన్ని మోసే సింగ్యులేట్ భాగానికి, భయానికి సంబంధించిన అమిగ్డలాకు ఇంకొన్ని పాయలు వెళతాయి. ఇది నొప్పి, ఇంత నొప్పి అన్న అనుభవం వీటన్నిటి మధ్యా తయారవుతుంది. మెదడులో నొప్పి కేంద్రం అంటూ ఒకే ఒక్క చోటు లేదు.

2007లో మాంచెస్టర్ పరిశోధకులు మోకాళ్ళ అరుగుదల ఉన్న పన్నెండు మందికి మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్ చేశారు. సొంత కీలు నొప్పి ఉన్నప్పుడు ఒకసారి, అది లేని సమయంలో చర్మానికి వేడి తగిలించి నొప్పి పుట్టించినప్పుడు మరోసారి, ఏ నొప్పీ లేనప్పుడు ఇంకోసారి చూశారు. నొప్పిని మోసే వ్యవస్థ రెండు నొప్పులకూ ఒకటే. కానీ కీలు నొప్పి ఉన్నప్పుడు సింగ్యులేట్, థాలమస్, అమిగ్డలా భాగాలు ఎక్కువగా పనిచేశాయి. చెయ్యి కాలితే వెనక్కి లాక్కుంటాం, కథ అయిపోతుంది. మోకాలి నొప్పి అలాంటిది కాదు. రేపు నడవగలనా, పెళ్ళికి వెళితే కింద కూర్చోగలనా, ఆపరేషన్ తప్పదా అన్న టెన్షన్ దానితో పాటే ఉంటుంది. పన్నెండు మంది మీద చేసిన చిన్న అధ్యయనమే అయినా, ఆ తర్వాత వచ్చినవి కూడా దాదాపు ఇదే వైపు చూపిస్తున్నాయి.

పైనుంచి కిందికి వచ్చే ఆజ్ఞ

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక ప్రతిపాదన చేశారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం లాంటిది ఉందని, స్పర్శను మోసే లావు నరాలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవని, మెదడు కూడా పైనుంచి దాన్ని తెరవగలదు, మూయగలదని దాని సారాంశం. అందులోని వివరాలు కొన్ని తర్వాత తప్పని తేలాయి. మూల భావన మాత్రం నిలిచింది. నాలుగేళ్ళకు, 1969లో, డేవిడ్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు ఎలుకల మెదడు కాండంలో పెరియాక్విడక్టల్ గ్రే అనే చోట కరెంటు పెట్టి, మత్తు మందు లేకుండానే వాటి పొట్టకు ఆపరేషన్ చేశాడు. శరీరం తనంతట తానే నొప్పిని అణచగలదనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అప్పటిదాకా లేదు.

1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ మెదడులోనే తయారయ్యే, మార్ఫిన్‌లా పనిచేసే పదార్థాలను గుర్తించారు. దానితో ఈ కథలో తప్పిపోయిన ముక్క దొరికింది. పెరియాక్విడక్టల్ గ్రే నుంచి మెదడు కాండం కింది భాగం మీదుగా వెన్నుపాముకు ఒక దారి దిగుతుంది. ఈ దారిలో మెదడు తన సొంత మార్ఫిన్ లాంటి పదార్థాలను వాడుకుని, కింది నుంచి వచ్చే నొప్పి సంకేతాన్ని మొదటి మజిలీలోనే తగ్గించగలదు. అవసరమనిపిస్తే ఇదే దారిలో పెంచగలదు కూడా. పెంచగలదన్న సంగతిని చాలామంది మర్చిపోతారు. దీర్ఘకాలం కీళ్ళ నొప్పులతో ఉన్నవాళ్ళ విషయంలో అసలు కీలకం అదే.

స్వీడన్‌లో తుంటి కీలు అరిగినవారి మీద ఎవా కోసెక్, గునార్ ఓర్డెబెర్గ్ చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చక్కగా చూపిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఒక చోట నొప్పి పెడితే మరో చోట నొప్పి కాస్త మందగిస్తుంది, పైనుంచి వచ్చే అణచివేత పనిచేస్తున్నదనడానికి అది గుర్తు. తుంటి నొప్పి రోగుల్లో ఇది జరగలేదు. కీలు మార్పిడి చేశాక, నొప్పి పోయాక, అదే మనుషుల్లో ఈ స్పందన తిరిగి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కూడా తుంటి రోగుల మీద ఇటువంటిదే చూశారు. వారి థాలమస్‌లో బూడిద రంగు పదార్థం (నరకణాలు ఎక్కువగా ఉండే భాగం) పరిమాణం తగ్గి ఉంది, ఆపరేషన్ అయ్యి నొప్పి పోయిన కొన్ని నెలలకు మళ్ళీ మామూలు స్థాయికి చేరింది. నొప్పి వల్ల మెదడు శాశ్వతంగా చెడిపోతుందని భయపెట్టే కథనాలు నెట్‌లో చాలానే ఉన్నాయి. ఈ ఫలితాలు చెప్పేది దానికి విరుద్ధం. స్కాన్‌లో పరిమాణం తగ్గినంత మాత్రాన కణాలు చచ్చిపోయినట్టు కాదు. నొప్పి ఉన్నంత కాలం మెదడు ఒక స్థితిలో ఉంటుంది, నొప్పి పోతే వెనక్కి రాగలదు.

అయితే అందరికీ రాదు. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి కొత్త కీలు బాగానే అమరినా నొప్పి మిగిలిపోతుంది. నొప్పి కీలుకే పరిమితమైతే ఈ లెక్క అర్థం కాదు.

కాపడం, మర్దన, కరెంటు

వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు, వేయించిన ఉప్పు మూట, ఆముదం రాసి వెచ్చ చేసి కట్టిన జిల్లేడాకు. మన ఇళ్ళలో మోకాలి నొప్పికి చేసే పనులివి. ఆకులో ఏముంది అన్న చర్చ అలా ఉంచితే, వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నవి వెచ్చదనం, ఒత్తిడి, చెయ్యి. రుద్దినప్పుడు స్పర్శను మోసే లావు నరాలు పనిచేసి, వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని కొంత అడ్డుకుంటాయి. వెచ్చదనం కండరాల బిగువు సడలిస్తుంది, అది హాయిగా తోచడం కూడా మెదడు లెక్కలోకి వస్తుంది. ఈ ఉపశమనం నిజమైనదే. ఎక్కువసేపు ఉండదన్నదీ నిజమే. కాలు తిమ్మిరెక్కే సుగర్ రోగులు మాత్రం కాపడంతో జాగ్రత్తగా ఉండాలి. వేడి ఎంతుందో తెలియక చర్మం కాల్చుకునేవాళ్ళు ఉన్నారు.

ఫిజియోథెరపీ సెంటర్లలో పెట్టే టెన్స్ మెషిన్ కథ ఇంకాస్త ఆసక్తికరం. చర్మం మీద ప్యాడ్లు అంటించి చిన్న కరెంటు పంపిస్తారు. అయోవా విశ్వవిద్యాలయంలో కేథలీన్ స్లూకా బృందం జంతువుల మీద చేసిన పనిలో తేలిందేమిటంటే, తక్కువ వేగంతో ఇచ్చే కరెంటుకూ ఎక్కువ వేగంతో ఇచ్చే కరెంటుకూ స్పందించే సహజ మార్ఫిన్ గ్రాహకాలు, అంటే నరకణాల మీద ఆ పదార్థాలు అతుక్కునే చోట్లు, వేరువేరు. మార్ఫిన్‌కు శరీరం అలవాటుపడినట్టే రోజూ ఒకే వేగంతో కరెంటు ఇస్తే దానికీ అలవాటు పడి ఫలితం తగ్గుతుంది. యంత్రాంగం ఇంత స్పష్టంగా తెలిసిన చికిత్సలు తక్కువే. అయినా అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ నైస్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండూ కీళ్ళ అరుగుదలకు టెన్స్ వద్దనే చెప్పాయి. రోగుల మీద జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ ప్రయోజనం నిలకడగా కనపడకపోవడమే కారణం. ఎలుక వెన్నుపాములో ఏం జరుగుతుందో తెలియడం ఒక ఎత్తు, మనిషి మోకాలికి మూడు నెలల తర్వాత ఎలా ఉందన్నది మరో ఎత్తు.

సూది పని ఎంత, నమ్మకం పని ఎంత

ఈ మొత్తం వ్యవహారంలో అసలైన పరీక్ష ఆక్యుపంక్చర్‌ది, అంటే ఒంట్లో నిర్ణీత బిందువుల్లో సూదులు గుచ్చే చైనా సంప్రదాయ వైద్యానిది. లండన్, సౌతాంప్టన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఒక పెట్ స్కాన్ అధ్యయనం చిన్నదే, కానీ దాని రూపకల్పన చాలా తెలివైనది. కీళ్ళ అరుగుదలతో నొప్పి ఉన్న పద్నాలుగు మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ మూడు రకాల పనులు చేశారు. ఒకటి, నిజమైన సూది. రెండోది స్ట్రైట్‌బెర్గర్ సూది. దాని మొన మొద్దుగా ఉంటుంది, చర్మానికి తగలగానే పిడిలోకి జారిపోతుంది, గుచ్చుకున్నట్టే అనిపిస్తుంది, కనిపిస్తుంది, కానీ లోపలికి వెళ్ళదు. మూడోది ఊరికే చర్మాన్ని పొడవడం, దీనివల్ల ఏ ఉపయోగమూ ఉండదని ముందే చెప్పేశారు.

ఈ మూడో రకం ఉండడమే ఇక్కడి తెలివి. మొదటి రెండింటిలోనూ రోగికి ఆశ ఉంది, మూడోదాంట్లో లేదు. మొదటిదానికీ రెండోదానికీ తేడా సూది లోపలికి దిగడం మాత్రమే. కాబట్టి రెండు ప్రభావాలను విడదీసి చూడవచ్చు. ఆశ ఉన్న రెండు సందర్భాల్లోనూ మెదడు ముందు భాగంలో అంచనాలు వేసే ప్రీఫ్రంటల్ ప్రాంతం, సింగ్యులేట్ ముందు భాగం, మధ్య మెదడు పనిచేశాయి. అంటే పైన చెప్పిన కిందికి దిగే దారి మొదలయ్యే చోట్లు. నిజమైన సూదికి మాత్రం ఇవి కాక ఇన్సులాలో అదనపు స్పందన కనిపించింది.

దీన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకున్నారు. ఆక్యుపంక్చర్ సమర్థకులు ఇన్సులాను చూపించి ‘చూశారా, ప్లాసిబో (ఉత్తుత్తి చికిత్సతో నమ్మకం వల్ల కలిగే మేలు) కాదు’ అన్నారు. విమర్శకులు ప్రీఫ్రంటల్‌ను చూపించి ‘చూశారా, నమ్మకమే’ అన్నారు. చర్మంలోకి సూది దిగితే మెదడులో శరీర స్థితిని గమనించే భాగం స్పందించడంలో ఆశ్చర్యం లేదు. స్పందించకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ అదనపు స్పందన వల్ల అదనపు ఉపశమనం కలుగుతుందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి స్కానర్ కాదు, పెద్ద సంఖ్యలో రోగులు కావాలి.

జర్మనీలో అలాంటి పరీక్ష జరిగింది. ఆక్యుపంక్చర్ ఖర్చును ఆరోగ్య బీమా భరించాలా వద్దా అని తేల్చుకోవడానికి అక్కడ పెద్ద ఎత్తున పరీక్షలు చేశారు. మోకాలి అరుగుదల మీద సుమారు వెయ్యి మందితో చేసినదాని ఫలితాలు 2006లో వచ్చాయి. సంప్రదాయ బిందువుల్లో లోతుగా సూదులు గుచ్చిన గుంపులో 53 శాతం మందికి మేలు చేసింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన ఉత్తుత్తి గుంపులో 51 శాతం మందికి మేలు చేసింది. మందులు, డాక్టరు సలహాలతో సాగిన గుంపులో ఇది 29 శాతం. సూది ఎక్కడ గుచ్చారన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. కానీ గుచ్చడం, దాని చుట్టూ ఉన్న శ్రద్ధ, సమయం, ఆశ కలిసి మామూలు వైద్యం కంటే స్పష్టంగా పైచేయి సాధించాయి. ఆక్యుపంక్చర్ కోసమని వచ్చి మందుల గుంపులో పడ్డవాళ్ళ నిరాశ కూడా ఆ 29లో కొంత కలిసి ఉండవచ్చు. బిందువుల పటాలు గోడకు తగిలించుకున్నవారికి ఈ ఫలితం నచ్చదు. ‘ప్లాసిబో అంటే ఏమీ లేదు’ అనేవారికీ నచ్చకూడదు.

మార్గదర్శకాలు కూడా ఈ సందిగ్ధంలోనే ఉన్నాయి. పైన చెప్పిన అమెరికన్ సంస్థ ఆక్యుపంక్చర్‌ను షరతులతో ఒప్పుకుంది, బ్రిటన్ నైస్ కీళ్ళ అరుగుదలకు వద్దంది. ఆధారాలు దాదాపు ఒకటే. ఉత్తుత్తి సూదిని మించి ఉండాలా, ఏమీ చేయకపోవడాన్ని మించితే చాలా అన్న తీర్పులోనే తేడా.

ఆశకూ ఒక రసాయనం ఉంది

ఆశ అంటే మనసులో ఊరికే అనుకోవడం కాదని 1978లోనే తెలిసింది. కాలిఫోర్నియాలో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు, కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత మార్ఫిన్ ప్రభావాన్ని అడ్డుకునే నాలాక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది. అంటే ఉత్తుత్తి మందుకు స్పందనగా మెదడు నిజమైన పదార్థాన్నే విడుదల చేసింది. 2009లో హాంబర్గ్ పరిశోధకులు వెన్నుపామునే స్కాన్ చేశారు. ఉత్తుత్తి క్రీము రాసి నొప్పి తగ్గుతుందని చెబితే, వెన్నుపాములో నొప్పి సంకేతమే తగ్గిపోయింది. రోగి మర్యాద కోసం ‘బాగుంది డాక్టర్’ అనడం కాదిది, సంకేతం మెదడు దాకా పూర్తి బలంతో రావడం లేదు.

కీళ్ళ అరుగుదల విషయంలో దీని పరిమాణం ఎంతో కూడా లెక్క ఉంది. 2008లో 198 పరీక్షలను కలిపి విశ్లేషిస్తే, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో నొప్పి తగ్గుదల పరిమాణం 0.51 అని తేలింది (ఇది శాతం కాదు, మార్పు ఎంత పెద్దదో చెప్పే కొలమానం; సున్నా అంటే మార్పే లేదు). గణాంకాల భాషలో ఇది మధ్యస్థం, మందుల్లో చాలావాటికి ఉత్తుత్తి మందు మీద వచ్చే అదనపు ప్రయోజనం ఇంత ఉండదు. ఏ చికిత్సా లేకుండా ఉండిపోయినవారిలో అది 0.03 మాత్రమే. నొప్పి బాగా ముదిరినప్పుడే డాక్టరు దగ్గరికి వెళతాం కాబట్టి ఆ తర్వాత ఎలాగూ తగ్గుతుంది అన్న వాదన ఒకటి ఉంది. అందులో న్యాయం ఉంది కానీ, ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని అది ఒక్కటే పూడ్చలేదు.

ఎవరికి ఇలా తగ్గుతుంది? అమాయకులకు, చదువు లేనివారికి అని చాలామంది అనుకుంటారు. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో వానియా అప్కారియన్ బృందం మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ముందే స్కాన్ తీసి, తర్వాత ఉత్తుత్తి మాత్రలు ఇచ్చింది. కుడివైపు ముందు మెదడులోని ఒక ప్రాంతానికి మిగతా భాగాలతో ఉన్న సంబంధాలను చూసి, ఎవరికి తగ్గుతుందో చాలావరకు ముందే చెప్పగలిగారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. ఇటలీలోని టురిన్‌లో ఫాబ్రిజియో బెనెడెట్టి చూసింది ఇంకా విచిత్రం. అల్జైమర్స్‌తో ముందు మెదడు సంబంధాలు తెగిపోయిన రోగుల్లో నొప్పి మందు కూడా సరిగ్గా పనిచేయలేదు, మోతాదు పెంచాల్సి వచ్చింది. మందులో కొంత పని ఎప్పుడూ ఆశే చేస్తోందన్నమాట. ఆ భాగం దెబ్బతింటే మందు తగ్గిన బలంతో మిగులుతుంది.

దీనికి అటువైపు కూడా ఉంది. 2011లో ఉల్రికే బింగెల్ ఆక్స్‌ఫర్డ్ సహచరులతో కలిసి ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఒక బలమైన నొప్పి మందు నరంలోకి ఎక్కించారు. మోతాదు మారలేదు. ‘ఇప్పుడు మందు ఇస్తున్నాం’ అన్నప్పుడు ఉపశమనం రెట్టింపైంది. ‘మందు ఆపేశాం, నొప్పి పెరగొచ్చు’ అన్నప్పుడు మందు ఎక్కుతూనే ఉన్నా దాని ప్రభావం మాయమైంది. ఎక్స్‌రే లైటు ముందు పట్టుకుని ‘గుజ్జంతా అయిపోయింది, ఎముకా ఎముకా రాసుకుంటోంది, ఇక మెట్లు ఎక్కొద్దు, కింద కూర్చోవద్దు’ అని చెప్పే డాక్టరు కూడా ఒక మోతాదు ఇస్తున్నాడు. ఆ మాట విన్న మనిషి అడుగు తీసి అడుగు వేసేటప్పుడు భయం కూడా నొప్పిలో కలుస్తుంది. భయంతో నడక మానేస్తే తొడ కండరాలు బలహీనమవుతాయి, అప్పుడు కీలు మీద భారం నిజంగానే పెరుగుతుంది. మాటతో మొదలైనది కండరంలో తేలుతుంది.

కన్ను చెప్పినా మెదడు వింటుంది

నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో కేథరీన్ ప్రెస్టన్, రోజర్ న్యూపోర్ట్ 2011లో చూపించినది మొదట ఎవరూ నమ్మలేనట్టు ఉంటుంది. చేతివేళ్ళ కీళ్ళ నొప్పులున్న ఇరవై మంది ఒక పెట్టెలో చెయ్యి పెట్టారు. వారికి తమ చేతి వీడియో, చెయ్యి ఉన్న చోటే ఉన్నట్టుగా కనిపిస్తుంది. పరిశోధకుడు వేలిని నెమ్మదిగా లాగుతుంటే, తెరమీద వేలు సాగిపోతున్నట్టు కనబడుతుంది. ఎక్కువమందికి అప్పటికప్పుడు నొప్పి తగ్గింది, కొందరికి వేలు కుంచించుకుపోయినట్టు చూపిస్తే తగ్గింది. ఆస్ట్రేలియాలో టాషా స్టాంటన్ బృందం మోకాలితో ఇలాంటిదే చేసి 2018లో ప్రచురించింది. పన్నెండు మంది మీద చేసిన ఆ ప్రయోగంలో భ్రమను పదేపదే చూపిస్తే ఉపశమనం ఇంకా పెరిగింది.

దీన్ని వెంటనే చికిత్సగా అమ్ముకునే స్థితి లేదు, ఈ పనిచేసిన వాళ్ళూ అలా చెప్పలేదు. కానీ మెదడులో ప్రతి కీలుకూ ఒక పటం ఉంటుందని, చాలాకాలం నొప్పి ఉంటే ఆ పటం చెదురుతుందని, సరైన సమాచారం అందిస్తే నొప్పి మారుతుందని ఇది సూచిస్తోంది. మోకాలి నొప్పి ఉన్నవారికి మోకాలి మీద తాకిన చోటు సరిగ్గా గుర్తుపట్టడం కష్టమవుతుందన్న పరిశీలనతో ఇది సరిపోతుంది.

వ్యాయామం కూడా ఇదే తక్కెడలో

నైస్ అయినా, అమెరికన్ సంస్థ అయినా కీళ్ళ అరుగుదలకు అన్నిటికంటే ముందు చెప్పేది వ్యాయామం, అవసరమైనవారు బరువు తగ్గడం. అమెరికన్ సంస్థ తాయ్‌చీ అనే నెమ్మదైన చైనా కసరత్తును గట్టిగా, మోకాలికి యోగాను షరతులతో సిఫారసు చేసింది. చైనాలోని ఫుజియాన్, అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు కలిసి మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని తాయ్‌చీ, బాదువాన్‌జిన్ అనే మరో చైనా కసరత్తు, సైకిల్ తొక్కడం, ఆరోగ్య పాఠాలు వినడం అనే గుంపులుగా విడదీసి పన్నెండు వారాలు చూశారు. కసరత్తు చేసినవారిలో నొప్పి తగ్గడమే కాదు, పెరియాక్విడక్టల్ గ్రేకు, ప్రతిఫలాన్ని గుర్తించే మధ్య మెదడు భాగానికి మిగతా మెదడుతో ఉన్న సంబంధాలు కూడా మారాయి. ఏ కసరత్తు అయినా సరే, ముఖ్యంగా మారిన దారి నొప్పిని అణిచే దారే.

ఇక్కడితో ఆపితే బాగుండేది, కానీ డెన్మార్క్‌లో 2022లో వచ్చిన ఫలితం ఒకటి ఉంది. అక్కడ దేశమంతా అమలవుతున్న, ఎనిమిది వారాల పాఠాలు, వ్యాయామాల కార్యక్రమాన్ని ఉప్పు నీటి ఇంజెక్షన్లతో పోల్చారు. ఇంజెక్షన్ తీసుకున్నవారికి ‘ఇందులో ఉన్నది ఉప్పు నీళ్ళే’ అని ముందే చెప్పారు. నొప్పి తగ్గుదలలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

వ్యాయామం దండగ అనడానికి ఇది ఆధారం కాదు. ఆక్యుపంక్చర్‌కు ఏ తక్కెడ వాడామో వ్యాయామానికీ అదే వాడాలనడానికి ఆధారం. నొప్పి తగ్గడంలో సింహభాగం ఆశ, శ్రద్ధ, మెదడు దారులదే అయితే ఆ మాట ఇక్కడా చెప్పాలి. వ్యాయామాన్ని ముందు పెట్టడానికి కారణం నొప్పి స్కోరు ఒక్కటే కాదు. తొడ కండరం బలపడుతుంది, సుగరు, బీపీ అదుపులోకి వస్తాయి, నడిస్తే ఏమీ కాదన్న అనుభవం భయాన్ని తీసేస్తుంది. సూది, కాపడం, కరెంటు ఇచ్చే కొన్ని గంటల ఉపశమనం విలువ కూడా ఇక్కడే తేలుతుంది. ఆ కొన్ని గంటల్లో మనిషి లేచి నడిస్తే అది పెట్టుబడి. మంచం మీద పడుకుని తర్వాతి సిట్టింగ్ కోసం ఎదురుచూస్తే అది ఖర్చు. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవారు రెండోదాన్నే అలవాటు చేస్తున్నారు.

ఈ దారి పనిచేయని చోటు

పైన చెప్పినదంతా ఎక్కువగా వయసుతో వచ్చే అరుగుదల గురించి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరు. అక్కడ రోగనిరోధక వ్యవస్థే కీలు పొర మీద దాడి చేస్తుంది. ఉదయం లేవగానే చాలాసేపు వేళ్ళు బిగుసుకుపోవడం, చిన్న కీళ్ళు రెండువైపులా వాయడం దాని లక్షణాలు. అందులో నొప్పి తగ్గడం, రోగం తగ్గడం ఒకటి కాదు.

ఈ తేడాను స్పష్టంగా చూపించిన ప్రయోగం కీళ్ళ మీద కాదు, ఆస్తమా మీద జరిగింది. బోస్టన్‌లో 2011లో ఆస్తమా రోగులకు నిజమైన ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చి చూశారు, ఏమీ ఇవ్వని సమయాన్నీ లెక్కించారు. మొదటి మూడింటిలోనూ రోగులు తమకు దాదాపు సమానంగా హాయిగా ఉందన్నారు. ఒక్క సెకనులో ఊపిరితిత్తుల నుంచి ఎంత గాలి బయటికి ఊదగలుగుతున్నారో కొలిస్తే నిజమైన ఇన్‌హేలర్‌తో 20 శాతం మెరుగుదల, మిగతా అన్నిటిలో సుమారు 7 శాతం. మెదడు బాధను తగ్గించింది, శ్వాసనాళాన్ని తెరవలేదు.

రుమటాయిడ్ రోగి నాటు వైద్యంతోనో, సూదులతోనో ఆరు నెలలు హాయిగా గడిపేస్తే ఆ ఆరు నెలలూ కీలు పొర ఎముకను తింటూనే ఉంటుంది. ఆ దాడిని అణిచే మెథోట్రెక్సేట్ వంటి మందులు తొలి నెలల్లో మొదలుపెడితే వేళ్ళు వంకర్లు పోకుండా చాలామందిని కాపాడవచ్చు, ఆలస్యమైతే పోయిన ఎముక తిరిగి రాదు. ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు. దానికి కాపడమూ సూదీ ఏవీ పనికిరావు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.